స్రవంతి తినడం లేదు

జూలై 9
అంగన్‌వాడీలో పిల్లలందరికీ గుడ్లు ఒలిచి పెట్టాను. ఊరి పిల్లలందరూ నా చేత్తో తింటారు. ఇంటికొస్తే, ఇంటర్ చదివే నా బిడ్డ పొద్దున పెట్టిన అన్నం మూత కూడా తీయలేదు.

జూలై 12
పెరట్లో కోళ్ల ముందు అన్నం, పప్పు. అడిగాను. "తిన్ననని చెప్పిన గదమ్మా..." తలుపు వేసుకుంది.

జూలై 15
ఆయనతో చెప్పాను. "తిండెక్కువై నకరాలు. రెండు దినాలు పెట్టకు, అదే తింటది."
ఈయనే కదా... మా తమ్ముడి పెళ్లిలో, బంతిలో అందరి ముందు, వడ్డించేవాణ్ని ఆపి — "మా బిడ్డకు జర తక్కువెయ్యి, గిప్పటికే బర్రె లెక్కయింది." అందరూ నవ్వారు. స్రవంతి కూడా నవ్వింది. అప్పటి నుంచే ఇదంతా.

జూలై 19
పొద్దున బాత్రూమ్‌లో పడిపోయింది. జనగామ దవాఖానకు పరుగు. డాక్టరమ్మ స్రవంతితో ఒంటరిగా మాట్లాడి, తర్వాత మమ్మల్ని పిలిచింది. "ఇది మొండితనం కాదు, జబ్బు. మనసు డాక్టర్‌కు కూడా చూపించాలె. ఇంట్ల ఆమె ఒంటి గురించి ఎవ్వరూ మాట్లాడొద్దు."
బయటికి రాగానే ఆయన — "పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతే రేపు సంబంధాలొస్తయా?"
లోపల బిడ్డకు సెలైన్ ఎక్కుతోంది. ఈయనకు సంబంధాలు.

జూలై 20
ఆయనతో మాటల్లేవు. వంట చేస్తున్నాను. అంతే.

జూలై 24
హన్మకొండలో మనసు డాక్టర్. నేనే తీసుకెళ్లాను. ఆయనకు పని ఉందట. బస్సులో స్రవంతి నా భుజం మీద నిద్రపోయింది. తల బరువు ఆనినట్టే లేదు.

జూలై 28
ఆయన బిర్యానీ పొట్లం తెచ్చి స్రవంతి ముందు పెట్టాడు.
"తిను బిడ్డా, నీకోసమే తెచ్చిన."
"గప్పుడు తక్కువెయ్యమంటివి గద నాయినా."
"నవ్వులాటకు అన్న. గది ఇంకా యాదిపెట్టుకున్నవా?"
తప్పయిందన్న మాట ఆ నోట రాలేదు. స్రవంతి లేచి వెళ్లిపోయింది. పొట్లం ఆయనే తిన్నాడు. మొత్తం.

ఆగస్టు 2
మధ్యాహ్నం పలచగా కిచిడీ చేసి ఇచ్చాను. ఎదురుగా కూర్చున్నాను. చెంచా ఎత్తి దించేసింది.
"నువ్వు నా నోటి దిక్కే చూస్తున్నవమ్మా. గట్ల చూస్తే మింగబుద్ధి కాదు."
లేవబోయాను.
"పోకు. కూసో. జర అటు తిరిగి కూసో."
గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాను. వెనక చెంచా చప్పుడు... ఆగింది. చాలాసేపటికి మళ్లీ. తింటోందో, ఊరికే కలుపుతోందో.
తిరిగి చూడలేదు.