ఏడో నంబరు ఊపిరి

అమ్మకు,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు వేళకింత తిని, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ బాగున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి ధైర్యం చాలలేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. మీ అల్లుడికి పగటి డ్యూటీయే ఇచ్చారు, ఇంట్లో చిరాకులు కాస్త తగ్గాయి. బుజ్జిదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. అద్దం ముందు నిలబడి, "అమ్మమ్మ కన్నా నాకే పళ్ళు తక్కువ" అని గొప్పలు పోతోంది.

ఇక ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నదే ఈసారీ అడిగావు. ఆ ఆఖరి రోజు పొద్దున నీళ్ళు పట్టే హడావిడిలో నాన్నకు పీల్చే మందు గుర్తుచేయడం మరిచిపోయానని, ఆ ఒక్క పూట తప్పినందుకే ప్రాణం పోయిందేమోనని నీ బాధ. "నువ్వు ఆ మందుల చోటే పనిచేస్తావు కదే, నిజం చెప్పు" అన్నావు. ఏడాదిగా "అదేం కాదులే" అని దాటేస్తూ వచ్చాను. ఇక నావల్ల కాదు.

ల్యాబులో నేను చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పొడి మందు పీల్చే ఇన్‌హేలర్లు ఎలా పనిచేస్తున్నాయో చూస్తాం. మనుషుల మీద కాదు, ఒక యంత్రం మీద. దానికో ప్లాస్టిక్ గొంతు ఉంటుంది. ఎవరి ఊపిరినైనా రికార్డు చేసి ఇస్తే అచ్చం అలాగే పీలుస్తుంది. గొంతులో ఎంత పొడి ఆగిందో, ఊపిరితిత్తులదాకా ఎంత వెళ్ళిందో నేను కడిగి, కొలిచి రాస్తాను. కిందటేడు నాటికి మా దగ్గరున్న ఆరు ఊపిరులూ గట్టివే. "నీరసపు ఊపిరి ఒకటి కావాలి, ఎవరైనా దొరుకుతారా?" అని మా మేడం అడిగింది. నాన్న అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. నేనే తీసుకెళ్ళాను.

కాగితాల మీద సంతకం పెడుతూ, "ఊపిరిక్కూడా సంతకమా! ముప్పై ఏళ్ళు వెల్డింగు పొగ పీలిస్తే ఒక్కడూ అడగలేదు" అని అందరినీ నవ్వించారు. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని మూడుసార్లు పీల్చారు. తెర మీద గీత లేచీ లేవకముందే పడిపోయింది. నేను చప్పట్లు కొట్టానమ్మా. "సరిగ్గా ఇలాంటిదే కావాలి!" అన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. "అయితే పనికొచ్చానన్నమాట" అన్నారు.

ఆయన నీ దగ్గరికి వచ్చేసిన వారానికి లెక్క తేలింది. ఆ ఊపిరికి నూరు పాళ్ళ మందులో పది పాళ్ళు కూడా లోపలికి వెళ్ళడం లేదు. మేం చూస్తున్నది నాన్న వాడే రకం ఇన్‌హేలరే. పుస్తకంలో "ఏడో నంబరు" అని రాసి పెన్ను పక్కన పెట్టేశాను. అప్పుడే డాక్టరుకు ఫోను చేయాల్సింది. మాస్కు పెట్టుకుని మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు, లోపలికి వెళ్ళే మందు ఉంది. అది రాయించాల్సింది. చేయలేదు. రెండోసారి సరిచూసేదాకా ఏ ఫలితమూ బయట చెప్పకూడదని మాకో నియమం. ఆ నియమం చాటున దాక్కున్నాను. "మా నాన్న వాడేదీ ఇదే" అని మేడంతో అనలేదు. ఇంత నీరసపు ఊపిరికి పొడి అందదని ముందే తట్టలేదా అంటారని సిగ్గు.

ఆ రోజుల్లోనే నువ్వు ఫోనులో, "మీ నాన్న మందు సరిగ్గా పీల్చడం లేదు, నువ్వన్నా చెప్పవే" అన్నావు. అన్నీ తెలిసి కూడా, ఫోను నాన్నకిమ్మని, "గట్టిగా పీల్చు నాన్నా, చిన్నపిల్లాడిలా మారాం చేయకు" అని కసిరాను.

"గట్టిగానే పీలుస్తున్నానమ్మా, లోపలికి రావట్లేదు" అన్నారు.

తొమ్మిది రోజులకు పోయారు.

మందు మారిస్తే బతికేవారని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మార్చే అవకాశాన్ని నా చేతులారా ఆపాను, అది మాత్రం నిజం. ల్యాబులో ఇప్పటికీ ఎవరో ఒకరు "ఏడో నంబరు పెట్టండి" అంటూనే ఉంటారు. యంత్రం నాన్నలా పీలుస్తుంది. నేను మీట నొక్కి గోడవైపు తిరిగి నిలబడతాను.

నన్ను తిట్టు, పడతాను. గడప తొక్కొద్దన్నా సరే. ఆ పొద్దుటి పూటను మాత్రం ఇక తవ్వుకోకు. నువ్వు గుర్తుచేసి ఉన్నా, ఆ మందు నాన్నకు అందేది కాదమ్మా.

ఇట్లు,
క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లని
నీ పెద్దకూతురు