డబ్బా కడిగేముందు

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను. కంగారంతా ఆఫీసులోనే.

నా బల్ల చూసి మేనేజరుగారు "ఇది బల్లా, పాతసామాన్ల కొట్టా?" అన్నారు. అప్పట్నుంచి రోజూ సీట్లోంచి లేచేముందు అన్నీ సర్దుకోవడం అలవాటు చేసుకున్నాను. ప్రతి వస్తువుకీ ఓ చోటు చూశాను. ఆఫీసు బీరువా తాళంచెవికి నువ్వు బిస్కెట్లు పంపిన డబ్బా చూశాను. గలగలలాడకుండా గుడ్డలో చుట్టి మరీ పెట్టాను.

నిన్న నేను మీటింగులో ఉండగా తమ్ముడొచ్చి, "అమ్మ ఖాళీ డబ్బాలు తెమ్మంది" అని పక్కసీటావిడతో చెప్పి, దాన్ని పట్టుకుపోయాడట. సోమవారం తనిఖీ. ఫైళ్లన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఎవరు అటు నడిచినా ఏదో ఒకటి అడిగి ఆపేస్తున్నాను.

నాన్న దగ్గు తగ్గిందా? కుట్టుమిషను బాగుచేయించావా? కార్డు అందగానే తాళంచెవి తమ్ముడికిచ్చి పంపు. వాడు దారిలో ఎక్కడా ఆగకూడదని చెప్పు.

డబ్బాలో లేకపోతే మాత్రం నువ్వే తీసి ఎక్కడో భద్రంగా పెట్టి ఉంటావు. నా భయమల్లా అదే. పోయినేడు నువ్వు భద్రంగా పెట్టిన కత్తెర ఇంకా దొరకనేలేదు.

నాన్నకు నమస్కారాలు.

అచ్చం నీ పోలికే వచ్చిన
నీ పెద్దమ్మాయి