ముప్పై ఐదు నిమిషాల స్క్రిప్టు

దబీర్‌పురా,
జూలై 8

డానియేలన్నకు,

వందనాలు. క్షేమం అడగను, కోపంగా ఉన్నాను. ఫోన్ చేస్తే నా గొంతు లేస్తుంది, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని రాస్తున్నాను.

నువ్వు పుణె ఉద్యోగానికి వెళ్లిపోయాక మన కార్ఖానా సీతారాం సేఠ్ నాకే కబురు పెట్టాడు. "మీ అన్న రాసింది మీ అన్నకే సమఝైతది, లేకుంటే నీకు. జర వచ్చి చూడు బిడ్డా" అన్నాడు. ఆరేళ్ల కింద నన్ను మానెయ్యమన్న మనిషే! పోకూడదనుకున్నాను. కానీ ఇంటికి నాలుగడుగుల్లో పని, బడికి పోయే పిల్లాడు. వెళ్లాను. వెళ్లి నువ్వు రాసిన బిల్డు ప్రోగ్రాం తెరిచాను.

ఏంది అన్నా అది? కిరాణా కొట్లలో పెట్టే బిల్లు మిషన్లు మనం చేసేవి. లోపలుండే బుల్లి కంప్యూటర్‌కు కావలసినదంతా ఒకే ఫైలుగా కట్టి కార్డులోకి ఎక్కించాలి. ఇమేజ్ అంటే అంతేగా, బిల్డంటే దాన్ని కట్టడమేగా! దానికి కంప్యూటర్‌కు వరసగా పనులు చెప్పే స్క్రిప్టులు అరవై ఒకటా? మొదటిది ఏడోదాన్ని పిలుస్తుంది, ఏడోది నలభైయోదాన్ని పిలుస్తుంది, నలభైయోది మళ్లీ మొదటిదాన్ని అడిగి వస్తానంటుంది. సర్కారు ఆఫీసులో సంతకం కోసం తిరిగినట్టుంది. కంప్యూటర్ వెనకాల టేపు చుట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి కనపడింది. దుమ్ము తుడుద్దామని తీశాను, బిల్డు అక్కడికక్కడే చచ్చింది. చూస్తే అందులో ఉన్నది ఒకే ఒక్క ఫైలు. మొత్తం సంసారం దాని మీద నడుస్తోంది! ఎవరన్నా చేసే పనేనా ఇది?

రోజూ పన్నెండింటికి ఆ రోజు ఆర్డర్లకు ఇమేజ్ కట్టాలి, కట్టేంతసేపూ బోర్డులకు టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్లన్నీ ఆపాలి, లేకపోతే లోడు పడి ఫ్యూజు పోతుంది. ఇది నువ్వు పెట్టి పోయిన నియమం. దాదాపు గంట పడుతోంది. ఆ గంటా సేఠ్ గడియారం చూస్తూ పళ్లు నూరుతుంటాడు. ఈ చెత్తంతా పీకేసి ఒక్క ఫైలు చేస్తాను. ఎవరొచ్చినా ఒక్క బటన్ నొక్కితే అయిపోవాలి. ఒక స్క్రిప్టు మీద మాత్రం "చల్లారాలి. ముట్టవద్దు. డి." అని రాసిపెట్టావు. ఏమిటది? దానికన్నా జవాబు రాయి.

ఇంకో మాట. చింటుకు ఎనిమిది నెలలప్పుడు, పాలివ్వడానికి మధ్యాహ్నం అరగంట ఇంటికి పోయి వస్తానని సేఠ్‌ను అడిగాను. కుదరదు, కావాలంటే మానెయ్ అన్నాడు. నువ్వు పక్క టేబుల్ దగ్గరే ఉన్నావు. తల ఎత్తలేదు. తడిసిన కుర్తా మీద చున్నీ కప్పుకుని ఏడుస్తూ మెట్లు దిగాను. సొంత అన్నవి, ఒక్క మాట అనలేదు. నీ ముందు ఎప్పుడూ అనలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆరేళ్లయినా అది నాకు మానలేదు.

నీ చెల్లెలు,
వీణ

దబీర్‌పురా,
జూలై 29

అన్నా,

నీ జవాబు రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదులే. ఎప్పుడూ బెల్లం కొట్టిన రాయివే.

అరవై స్క్రిప్టులు పీకేశాను. ఆ ముట్టవద్దన్నదాని దగ్గర మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, మూడు రోజులు భయపడి ఆగాను. నువ్వంతటివాడివి ముట్టవద్దని రాశావంటే ఏదో మహా రహస్యం ఉందనుకున్నాను. తెరిస్తే ఏముంది? ఏమీ లేదు! ముప్పై ఐదు నిమిషాలు ఊరికే ఆగు, తర్వాత అయిందని చెప్పు. అంతే! ఆరేళ్ల పాటు రోజూ అరగంట పైచిలుకు ఆ కంప్యూటర్ చేతులు ముడుచుకుని కూర్చుంది, దాన్ని చూస్తూ మనుషులు కూర్చున్నారు. తీసి అవతల పారేశాను. ఫ్యూజు సంగతి కూడా చూశాను. ఐరన్లన్నీ పెట్టి బిల్డు నడిపితే ఫ్యూజు పోలేదు, ఒక్క బల్బు కూడా మసకబారలేదు. ఇప్పుడు మొత్తం పదకొండు నిమిషాల పని, ఎవరూ ఐరన్ ఆపక్కర్లేదు. సేఠ్ సంతోషం పట్టలేక ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి పంచాడు. ఒక్కరూ తినలేదన్నా.

ఎందుకో నాకు అర్థం కాలేదు. పదేళ్లుగా సోల్డరింగ్ చేస్తున్న నాగమణమ్మ నాతో మాట మానేసింది. నాలుగో రోజున అమల సంచి సర్దుకుంది. ఆమెకు ఏడు నెలల పాప, నీకు తెలుసు కదా. ఏమైందమ్మా అన్నాను.

"ఐరన్లు బందైనప్పుడు ఇంటికి ఉరికి పాపకు పాలిచ్చి వస్తుంటి అక్కా. ఇప్పుడు బందే కాదాయె. పాప ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లుతున్నది. సేఠ్‌ను అడిగిన, కుదరదన్నడు. నువ్వు సుత తల్లివే గద, గింత తెల్వదా?" అంది.

చెంప మీద కొట్టినట్టయింది. నాకెలా తెలుస్తుంది? కంప్యూటర్ పని చక్కబెట్టమన్నారు, చక్కబెట్టాను. అందులో ఒక పసిదాని పాలు ఉన్నాయని ఎవరైనా చెప్పారా? నీ బద్ధకం పుణ్యాన వాళ్లకు దొరికిన అరగంట నా పనితనం వల్ల పోయింది. ఇదెక్కడి లొల్లి! నన్ను ఏడిపించి పంపిన సేఠ్ పనే ఇప్పుడు నేను అమలకు చేశాను. సోమవారం నుంచి రానని చెప్పి వెళ్లిపోయింది. ఈ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నీ మీద చూపిస్తున్నాను.

వీణ

పుణె,
ఆగస్టు 4

చెల్లె వీణకు,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. నాకు మాట రాదు, నీకు తెలుసు.

అది బద్ధకం కాదమ్మా. నువ్వు మెట్లు దిగి పోయిన పదిహేనో రోజున రాశాను. ఆ రోజు లేచి నిలబడదామనుకున్నాను. నాదీ పోతే ఇంట్లో ఎవరికీ పని ఉండదని భయపడ్డాను. భయపడ్డాను, అంతే. ఇంకో కారణం చెప్పుకోను.

సేఠ్ మనుషుల మాట వినడు, మిషన్ మాట వింటాడు. బిల్డు నడుస్తోంది, ఐరన్లు ఆపాలి అంటే నోరెత్తడు. అందుకని మిషన్ చేతనే చెప్పించాను. మిషన్ చల్లారాలన్నదీ, ఫ్యూజు కథా నేను పుట్టించినవే. మొదట్లో నాగమణమ్మ ఆ అరగంటలో పోయి భర్తకు ఇన్సులిన్ సూది వేసి వచ్చేది. తర్వాత అమల. ఎవరైనా తెరిచి చూస్తే దొరికిపోతానని ఒక స్క్రిప్టును పది చేశాను, పదిని అరవై చేశాను. నువ్వు తిట్టిన ఆ గజిబిజి అంతా దాన్ని దాచడానికే. నీ కోసం రాశాను. రాసేసరికి నువ్వు లేవు.

ఆ ఒక్కటీ మళ్లీ పెట్టెయ్. ఎవరికీ చెప్పకు. అమలను పిలిపించు.

డానియేలు

దబీర్‌పురా,
ఆగస్టు 12

నా పిచ్చి అన్నకు,

నీ ఉత్తరం చదివి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ముఖం కడుక్కునే లోపే మళ్లీ కోపం వచ్చింది. ముప్పై ఐదు నిమిషాలు దాచడానికి అరవై స్క్రిప్టులు రాసే తెలివి ఉంది గానీ, అడగడానికి నోరు లేదా నీకు?

దాన్ని మళ్లీ పెట్టలేదు. రేపు నాలాంటిది ఇంకొకతె వచ్చి తెలియక తీసేస్తుంది, ఇంకో పసిబిడ్డ ఏడుస్తుంది. తిన్నగా సేఠ్ ముందుకు పోయాను. "పన్నెండు కొట్టంగ అందరికి అరగంట ఇయ్యాలె సేఠ్. అమల ఇంటికి పోయి వస్తది. ఇయ్యకుంటె నేను సుత పోత" అన్నాను.

సేఠ్ నవ్వాడు. "పో బిడ్డా. ఒక్క బటన్ నొక్కితే అయితదని నువ్వే నేర్పితివి గద. ఇగ నీతోని ఏం పని?"

చూశావా నా తెలివి! కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నాను. నువ్వైతే అరవై ఒక్క స్క్రిప్టులు చూపించి బెదిరించేవాడివి, నా దగ్గర ఏముంది? అప్పుడు నాగమణమ్మ తన ఐరన్ స్విచ్ తీసేసి లేచింది.

"గీమె పోతె నేను సుత పోత సేఠ్. కార్వాన్ దుకాణాల ఆర్డర్ రేపే ఇయ్యాలె గద? ఎనభై బోర్డులు. నువ్వే కూసోని సోల్డర్ కొట్టు. గవి బటన్ నొక్కితే కావు."

సోల్డరింగ్ చేసే మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు స్విచ్చులు తీసేశారు. సేఠ్ బోర్డుల వంక చూశాడు, మా వంక చూశాడు. "అరె, అరగంటకు గింత లొల్లి ఎందుకు? తీస్కోండ్రి" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే నేను వీణనెందుకవుతాను? "ఆరేండ్ల కింద నేనడిగితె ఎందుకియ్యలే?" అన్నాను.

ఆయన వెటకారంగా కూడా అనలేదన్నా, చాలా మామూలుగా అన్నాడు. "అప్పుడు నువ్వొక్కదానివే అడిగితివి. పక్కన కూసున్న మీ అన్ననే ఏమనకపాయె. గంత అవసరం లేదేమో అనుకున్న."

నువ్వు కుర్చీలోంచి లేచి ఉంటే చాలేది. మాట కూడా అక్కర్లేకపోయేది. ఇది చదివితే నీకు బాధ కలుగుతుందని తెలుసు, తెలిసే రాస్తున్నాను. నీలాగా దాచడం నాకు చేతకాదు.

నిన్న అమల వచ్చింది. పన్నెండింటికి అందరం ఐరన్లు ఆపాము. ఆమె పరుగున పోయి పరుగున వచ్చింది, ముఖం వెలిగిపోతోంది. నాగమణమ్మ టిఫిన్ విప్పి, ఇన్నాళ్ల తర్వాత నాతో మాట్లాడింది. "మీ అన్న మంచోడే గని మెత్తనోడు బిడ్డా" అని మాత్రం అంది. నేను అవునన్నాను.

ఆరేళ్లు నిన్ను పరాయివాడి కింద జమకట్టి కోపం పెట్టుకున్నాను. పరాయివాడైతే మాట మానేస్తే సరిపోతుంది. అన్న మీద కోపమైతే ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, తినేంతసేపూ తిట్టాలి. తిట్టాల్సింది మస్తు ఉంది. వచ్చే ఆదివారం రా.

నీ చెల్లె,
వీణ