ఫోన్ చేసింది నేను

జులై 14, మంగళవారం

తమ్ముడికి,

ఇవాళ బట్టలుతికి ఆరేశాను, బియ్యం ఏరాను, దుప్పట్లకు అంచులు కుట్టాను. పలకరించేవాళ్ళు లేకపోతే పనులు త్వరగా తెములుతాయి.

పాప ఒంటిమీది బెల్టు వాతల గురించి అధికారులకు చెప్పింది స్కూలు టీచరేనని, ఆవిడ ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపోనని అంటున్నావట. ఆవిడను వదిలెయ్. ఫోన్ చేసింది నేను.

పాప సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు తలస్నానం చేయిస్తూ వీపు చూశాను. "మెట్లమీద పడ్డానత్తా. నాన్న అలాగే చెప్పమన్నాడు" అంది. కన్నవాళ్ళయినా పిల్లల్ని ఇలా కొట్టడం నేరమే అంటుంది చట్టం. అది లేకపోయినా చెప్పేదాన్ని.

మీ బావగారు "నీకెందుకే ఈ తద్దినం?" అన్న రోజు నుంచి పేపరు చాటునే భోంచేస్తున్నారు. అమ్మేమో, "నోరు మూసుకో. నింద ఆ టీచరు మీదే ఉండనీ. వాడికి తెలిస్తే నీకు పుట్టిల్లుండదే" అంది. ఉండదనే అనుకుంటున్నాను. అయినా ఒకరి తలమీద నా పని పెట్టి నేను నిద్రపోలేను.

మన నాన్న కర్ర తీసినప్పుడల్లా నా ముందుకొచ్చి నిలబడి, నా దెబ్బలు నువ్వు తినేవాడివి. ఆ బాకీ ఎలా తీర్చాలో ఇన్నేళ్ళూ తెలియలేదు. ఇప్పుడు నీ కూతురి ముందు నిలబడ్డాను. చెల్లు.

అక్క