ముఖం కనపడని షాట్

చిన్నోడికి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. మీ నాన్నకి దగ్గు తగ్గింది, మోకాలి నొప్పి తగ్గలేదు, నోరు అసలే తగ్గలేదు. బైండింగ్ షాపులో రోజంతా జిగురు వాసన పీల్చి ఇంటికొచ్చి, మన ముందు గదిలో గాలి ఆడట్లేదంటారు. పరీక్షలు బాగా రాశానని చెల్లి అంటోంది. మార్కులు వచ్చేదాకా నేనూ నమ్ముదామనుకుంటున్నాను. నువ్వడిగిన స్వెట్టరు శుక్రవారం పార్సిల్ చేశాను, చేతులు కాస్త పొడుగయ్యాయి, మడుచుకో.

సినిమా గురించి నా అభిప్రాయం రాయమన్నావు. ఇరవై రెండేళ్ళుగా హిందీ సినిమాలకి తెలుగు మాటలు రాస్తున్నాను, ఇంత నీరసంగా దేనికీ రాయలేదు. బాలీవుడ్ వాళ్ళు డబ్బింగుకి పంపినప్పుడు గొప్ప ప్రేమకథ అన్నారు. తీరా చూస్తే, ఒకడు ఒకమ్మాయిని బస్సులో చూసి పదకొండేళ్ళు ఆమె ఆఫీసు ఎదురుగా నిలబడతాడు. మీ నాన్నని మొదటి ఆటకి తీసుకెళ్ళాను. ఇంటర్వెల్లో నా వైపు వంగి, “వీడికి ఇన్ని సెలవులు ఎవరిస్తున్నారే?” అన్నారు. వెనక వరుసలో వాళ్ళు నవ్వారు. రెండో సగంలో వాళ్ళు కూడా లేచి వెళ్ళిపోయారు.

రాసేటప్పుడే నాకు ఒళ్ళు మండింది. వాడికి మాటలే మాటలు. ఆ పిల్లకి మాత్రం “వద్దు”, “వెళ్ళిపో”, “నన్ను వదిలెయ్” అంతే. పదకొండేళ్ళలో వాడు ఆమెని ఒక్క ప్రశ్న అడగడు. నీకేం ఇష్టం అనైనా అడగడు. చివర్లో ఆమె కిటికీ వైపు తిరిగి, “నువ్వింత ఎదురు చూస్తే నేనెలా కాదనగలను” అంటుంది. అది విని నువ్వు ఏడ్చావట. “అమ్మా, ఆ మాట నాకోసమే రాసినట్టుంది” అన్నావు. దాని కిందే, ఒకటో తారీకున, మీ లిఫ్టు కంపెనీ ఇస్తానన్న సూపర్‌వైజర్ పోస్టు వద్దని కాగితం ఇచ్చేసి, ఇక్కడికి బదిలీ అడుగుతానని రాశావు. నువ్వు ఇష్టపడ్డ ఆ కళ్ళజోళ్ళ షాపు అమ్మాయికి దగ్గర్లో ఉంటే, ఎప్పటికైనా ఆమె మనసు మారుతుందన్నావు.

ఆ రెండు వాక్యాలూ చదివి రెండు రోజులు పెన్ను పట్టలేదు.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నేను అసలు సంగతికి వచ్చేలోపే “లిఫ్టు షాఫ్టులో ఉన్నానమ్మా, తర్వాత” అంటావు. నేను కూడా హమ్మయ్య అనుకుని పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. ఇది ఆసాంతం చదువు.

నువ్వు ఆ సినిమా తెలుగులో చూడాలని నేను ఎంత పోరాను! “అమ్మా, ఏమనుకోకు, పెదాలు కలవకపోతే నాకు చిరాకు, హిందీలోనే చూశా” అన్నావు. కన్నతల్లి రాసిన మాటలు కదా అని కూడా చూడలేదు. తెలుగులో ఆ పిల్ల ఆ మాట అనదు నాన్నా. నేను మార్చాను.

మా పనిలో మనిషి ఎదురుగా కనపడితే పెదాలు కదిలినట్టే మాట పడాలి. పెదాలు మూసిన చోట ‘మ’నో ‘ప’నో దొరికేదాకా తల బాదుకుంటాం. ముఖం అటు తిరిగితే మాత్రం ఏ మాటైనా పెట్టుకోవచ్చు. ఆ చివరి షాట్‌లో ఆమె వీపే కనపడుతుంది. అక్కడ నేను ఇలా రాశాను: “నీ మీద నాకు కోపం లేదు, ఇష్టం కూడా లేదు. రేపు కలుగుతుందని ఆగకు, కలగదు. నువ్వు ఆగుతున్నావని తెలిసి బతకడం నాకు బరువుగా ఉంది.”

గొంతు ఇచ్చే ఆవిడ కాగితం చూసి హెడ్‌ఫోన్స్ తీసేసింది.

“హిందీలో ఇలా లేదు కదక్కా?”

“లేదు.”

“మరి ఎవరి మాటలివి?”

“ఒకమ్మాయివి.”

ఆమె ఇంకేం అడగకుండా ఒక్క టేకులో చెప్పేసింది. మా ఇన్‌చార్జి అర్థాలు చూడడు, సెకన్లు చూస్తాడు. నిడివి సరిపోయిందని సరే అన్నాడు.

అవి కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి మాటలు. ఐదు నెలల కిందట చెల్లి కళ్ళజోడు బిగింపించడానికి వెళ్తే, నన్ను పక్కకి పిలిచింది. “ఆంటీ, మీ అబ్బాయికి రెండుసార్లు చెప్పాను, నవ్వి ఊరుకుంటున్నాడు. ఇంకా గట్టిగా చెప్తే బాధపడతాడని భయం. మీరైతే వింటాడు,” అని ఆ మాటలు చెప్పింది. చెప్తానమ్మా అన్నాను. నీకు చెప్పలేదు. సినిమా చూసి నీ అంతట నువ్వే అర్థం చేసుకుంటావని తెలివిగా ఏర్పాటు చేశాననుకున్నాను. ఇంతటి పిరికితనం ఎవరికీ ఉండదు.

పిరికితనమే అయితే నన్ను నేను కొంత క్షమించుకునేదాన్ని. అసలు కారణం వేరే ఉంది. ఆ అమ్మాయి మీద ఆశ ఉన్నంతకాలం నువ్వు ఇక్కడికి తిరిగొస్తావని నా ఆశ. నువ్వు ఇంట్లో ఉండాలని, కాదన్న పిల్లని ఎర వేసి కూర్చున్నాను.

ఇంకొకటి ఉంది, ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. ఈ ఐదు నెలల్లో ఆ అమ్మాయి నన్ను మూడుసార్లు అడిగింది, “చెప్పారా ఆంటీ?” అని. మూడుసార్లూ చెప్పానన్నాను. కాబట్టి నువ్వు పంపే పుస్తకాలూ, పుట్టినరోజు కార్డూ అన్నీ తెలిసి పంపుతున్నావనుకుంది. నిన్న నిజం చెప్పడానికి షాపుకి వెళ్తే, నన్ను చూసి కౌంటరు వెనక్కి జరిగింది. “ఇక్కడికి బదిలీ పెట్టుకుంటున్నానని ఆయన నాకు రాశారు, నేను వేరే బ్రాంచికి అడిగాను,” అంది. నువ్వంటే భయపడుతోంది నాన్నా. నిన్ను చూసి ఒక మనిషి భయపడేలా నేను చేశాను.

తప్పు నాదని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. నమ్మించడానికి ఆమెకి నువ్వేం రాయకు, క్షమాపణ కూడా రాయకు. ఇక ఏమీ రాకపోతేనే నమ్ముతుంది.

ఒకటో తారీకున ఆ కాగితం ఇవ్వకు. నామీద కోపం వస్తే దాచుకోకుండా రాయి. ఎన్ని పేజీలైనా సరే, ఈసారి ఒక్క మాట మార్చకుండా చదువుతాను.

ఇట్లు,
నీకు చెప్పాల్సింది ఐదు నెలలు దాచిన
మీ అమ్మ