నాలుగు మూరల పంచె

ఆగస్టు 3

నాన్నే. అనుమానం లేదు.

బాగలూరు రోడ్డు హాల్లో, మనిషి దేహాల ఎగ్జిబిషన్‌లో, గాజు పెట్టెలో నిలబెట్టారు. చర్మం ఒలిచేసి, కండలు ఎర్రగా మెరిసేట్టు చేసి. చేతులు రెండూ బారచాపి, ముఖం పైకెత్తి. కింద పలక మీద ‘విడుదల’ అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ. తయారుచేసినాయన పేరుంది. నాన్న పేరు లేదు.

ముఖం చూసి గుర్తుపట్టలేం. కుడిచేతి ఉంగరం వేలు పై కణుపు దగ్గర ఆగిపోయింది. ఆ కణుపు అంగడి షట్టరు కింద పడి తెగినప్పుడు నాకు పదేళ్ళు. ఎడమ మోకాలి కింద స్టీలు ప్లేటు — మోపెడ్ మీంచి పడ్డప్పుడు వేసింది. రెండూ ఒకే మనిషికి...

ఒక జంట పెట్టె ముందు చేతులు చాపి సెల్ఫీ తీసుకుంది. ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. తప్పుకుని దారిచ్చాను.

ఇంటికొస్తే అమ్మ, “ఏముండాది పాపా ఆడ?”

“ఏమీ లేదుమా. బొమ్మలు.”

ఆగస్టు 4

ఆడి నెల తగ్గింపు అమ్మకాలు అయ్యేలోగా అంగడి ముందు బొమ్మలకు చీరలు మార్చాలి. నాన్న నేర్పిన పద్ధతి: ముందు దుప్పటి అడ్డం కట్టాలి, ఆ తర్వాతే పాత చీర విప్పాలి. ప్లాస్టిక్ బొమ్మకు సిగ్గేమిటని చిన్నప్పుడు నవ్వేదాన్ని. “బొమ్మకి లేకపోతే మనకుండాల” అనేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా మా బొమ్మ బట్ట లేకుండా రోడ్డుకు కనబడలేదు.

దుప్పటి సగం కట్టి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆగస్టు 6

కృష్ణగిరి. రెండేళ్ళ కిందట నాన్న దేహాన్ని అప్పగించిన అదే మెడికల్ కాలేజీ, అదే ఆఫీసు.

గుమాస్తా ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు. నాన్న బతికుండగా రాసిచ్చిన కాగితంలో ఒక్కటే మాట — వైద్య విద్యార్థుల చదువుకు. దాని వెనక, ఆయన పోయిన రోజున నేను సంతకం చేసిన నాలుగు కాగితాలు. నాలుగో దాంట్లో, కళా ప్రదర్శనలకు కూడా అభ్యంతరం లేదని.

చదవలేదు. సూరత్ నుంచి బట్టల బేళ్ళు దిగినప్పుడు లారీ డ్రైవరు వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం చేస్తామే, అలాగే చేశాను. బేళ్ళనైతే కనీసం లెక్కపెడతాను.

“మేమేమన్నా దొంగతనంగా చేసినామామ్మా? మీరే కదా సంతకం పెట్టినారు.” తర్వాత కాస్త మెత్తబడ్డాడు. “వెనక్కి తీసుకునే దానికి దారుండాది. ఆయన భార్య రాసియ్యాల. ఆయన్ని యాడ పెట్టినారో, ఎట్ల పెట్టినారో అంతా తెలిసే అడగతా ఉండానని. పదిహేడో తేదీ లోపల. ఆమీద పెట్టెలు వేరే రాష్ట్రానికి పోతాయి.”

నాన్నను తేవాలంటే అమ్మకు చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఊరూరా అలాగే నిలబడాలి.

ఆగస్టు 7

అమ్మ: “ఈ తద్దినానికన్నా ఆ ఎముకలు ఇస్తారంటనా? అడుగు. కావేరిలో కలిపేస్తాం.”

దహనానికి దేహం లేదని అప్పుడు పురోహితుడు దర్భలతో బొమ్మ చేశాడు. ఆ గడ్డి బొమ్మకు కూడా అమ్మ అంగట్లోంచి కొత్త పంచె తెప్పించి చుట్టించింది. నాలుగు మూరలది. “బట్టలంగడి మనిషి. మానంగా పోవాల” అంది. మానంగా కాలిపోయింది గడ్డి.

అడుగుతానన్నాను.

ఆగస్టు 9

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ టికెట్టు కొన్నాను... కన్నతండ్రిని చూడటానికి.

ఒక నర్సింగ్ విద్యార్థిని నాన్న మోచేతి దగ్గర వంగి, కండరాల పేర్లు నోటుబుక్కులో రాసుకుంటోంది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. నాన్న ఒళ్ళిచ్చింది ఇలాంటివాళ్ళకే. మరి ఆ నీలం లైటు ఎవరి కోసం? ఆ వేణువు పాట? చేతులు అలా చాపమని ఎవరడిగారు ఆయన్ని?

ఒకవేళ ఆయనకు నచ్చేదేమో కూడా. జనం ఆగి చూస్తున్నారంటే నాన్నకు ప్రాణం లేచొచ్చేది. తెలియదు. ఎదురుగానే ఉన్నాడు, అడగడానికి లేడు.

ఆగస్టు 10

చెప్పాలని కాఫీ ఇస్తూ నోరు తెరిచాను. “చక్కెర చాలలేదా?” అంది అమ్మ. చాలలేదన్నాను.

ఆగస్టు 12

మత్తిగిరి నుంచి లక్ష్మీదేవి వచ్చింది. అనంతపురం పిల్ల, ఫ్యాక్టరీలో పని, నెలకోసారి అంగడికి వస్తుంది. జాకెట్టు గుడ్డలు చూస్తూ, “అక్కా, ఆ ఎగ్జిబిషన్‌కి పోయినాము. ఒకాయప్ప గాజు పెట్టెలో గుడ్డ కొలిచేటట్ల చేతులు చాపి నిలబడినాడు. ఒంటి మీద పోగు ల్యా. పాపం, ఒక వేలు సగమే.”

కత్తెర నా చేతిలో ఆగింది. గల్లా దగ్గర్నుంచి అమ్మ గొంతు:

“ఏ చెయ్యి?”

“కుడిచెయ్యి అవ్వా.”

అమ్మ చిల్లర ఇచ్చింది. సరిగ్గానే ఇచ్చింది.

ఆగస్టు 13

అమ్మ ఏమీ అడగలేదు.

ఆగస్టు 14

ఇవాళా అడగలేదు. అన్నం పెట్టింది, తను తినలేదు. ఆమె గదిలో ఉంటే నేను వంటింట్లో. ఆమె వంటింట్లోకొస్తే నేను మిద్దె మీదికి. ఈ ఇల్లు ఇంత చిన్నదని ఇన్నాళ్ళూ తెలియదు.

కాలేజీకి ఇవ్వాల్సిన ఉత్తరం నేనే రాశాను. అమ్మ సంతకానికి చోటు వదిలాను. ‘నా కూతురు చదవకుండా పెట్టిన సంతకం వల్ల’ అనే వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

ఆగస్టు 16

పొద్దున అమ్మ నాకంటే ముందే అంగట్లో ఉంది. అరలోంచి పంచె తీసి, మోచేతి నుంచి వేలి కొస దాకా పెట్టుకుంటూ నాలుగు మూరలు కొలిచింది. మిల్లు స్టిక్కరు గోటితో గీకి తీసేసింది.

“పా, పోదాం. ఆ బొమ్మల దుప్పటి కూడా పెట్టుకో.”

“దుప్పటెందుకుమా?”

“పెట్టె తెరిచి కట్టేటప్పుడు అడ్డం పట్టాల కదా. నువ్వొక కొన, నేనొక కొన. నలుగురూ ఉంటారు ఆడ.”

ఆమె సంతకం లేనిదే ఆ పెట్టె తెరవరు. ఆ కాగితం నా బ్యాగులో ఉంది. ఇప్పుడు దాని మీద దుప్పటి కూడా పెట్టాను. ఆయన్ని అక్కడ ఎవరు నిలబెట్టారని అమ్మ ఇంకా అడగలేదు. ఎవరో దొంగలనుకుంటోందేమో, దారి పొడుగునా వాళ్ళను తిడుతుంది.

ఆటో వచ్చింది. పంచె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా కోసం పక్కకు జరిగింది.