పేరు లేని ప్రార్థన

ఆదివారం రాత్రి, బందరు

నేను పాస్టరు చదువు చదివే సెమినరీ వాళ్ళు వారాంతపు సేవకని ఈసారి నన్ను నాగాయలంక పంపారు. అక్కడ పక్షవాతంతో మంచాన పడ్డ ఒకాయన కోసం ఇరవై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా ప్రార్థించాను. ఆమెన్ అన్నాక ఆయన భార్య టీ గ్లాసు అందిస్తూ, "ప్రార్థన బాగుందండీ బాబూ. మా ఆయన పేరు మాత్రం ఒక్కసారీ అనలేదేంటండీ?" అంది.

నేను అడిగితే కదా! మంచం మీంచి ఆయన నన్నే చూస్తున్నాడు.

రేపు ఆత్మీయ శిక్షణ క్లాసులో సార్ అడిగితే, బాగా జరిగిందని చెప్పను. ఉన్నదున్నట్టు చెప్తాను. తిట్టనీ. శనివారం మొదటి బస్సుకే మళ్ళీ వెళ్తాను. ఈసారి ముందు ఆయన పక్కన కూర్చుంటాను, తర్వాతే ప్రార్థన.

ఇప్పుడు ఆయన కోసం మోకరించాను. ఆమె అలా అన్నాక కూడా సిగ్గుతో పేరు అడక్కుండానే బస్సెక్కేశానని గుర్తొచ్చింది.